తొలి కాన్పుకు వెళ్లాలి, వీసా ఇంటర్వ్యూకు ఏం పట్టుకెళ్లాలి?

కర్నూలు జిల్లా కోడుమూరు వైపు పల్లె నుంచి ఒక తల్లి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దన్నారు. వయసు 56. నాలుగెకరాల పొలం, అందులో ఈ ఏడు రెండెకరాలు ఉల్లి. భర్తకు మోకాళ్ల నొప్పులు. తీరిక దొరికినప్పుడు ఆమె జాకెట్లు కుడతారు. కొడుకు కర్నూలులో ఒక ప్రైవేటు కాలేజీలో పనిచేస్తున్నాడు, అతనికి రెండేళ్ల పాప. కూతురూ అల్లుడూ డల్లాస్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. కూతురికి ఇప్పుడు అయిదో నెల, తొలి చూలు.

రెండు నెలల కిందట ఈమె హైదరాబాదులో అమెరికా వీసా ఇంటర్వ్యూకు వెళ్లారు. కొడుకు స్నేహితుడైన ఒక ఏజెంటు ఫారం నింపి, జానెడు మందం ఫైలు కట్టి ఇచ్చాడు. కాన్పు మాట ఎత్తవద్దని, ఊళ్లు చూడటానికి వెళ్తున్నానని చెప్పాలని, అదీ ఇంగ్లీషులోనే చెప్పాలని నాలుగు వాక్యాలు కంఠతా పట్టించాడు. కిటికీ ముందు నిలబడి మూడు నిమిషాలు కూడా కాలేదు. ఎందుకు వెళ్తున్నారంటే నయాగరా అన్నారు. ఎన్నాళ్లుంటారంటే రెండు వారాలన్నారు. ఏం పని చేస్తారంటే వ్యవసాయమన్నారు. మీ అమ్మాయికి పిల్లలున్నారా అంటే లేరన్నారు. ఫైలు అడగనే లేదు. వీసా ఇవ్వడం లేదన్న ఒక కాగితమూ, దానితోపాటు పాస్‌పోర్టూ తిరిగి చేతికి వచ్చేశాయి. ఫారంలో ఆరు నెలలు ఉంటానని, వృత్తి వ్యాపారమని రాసి ఉన్నట్టు ఇంటికి వచ్చాకే ఆమెకు తెలిసింది.

మళ్లీ వెళ్లాలనుకుంటున్నారు. పట్టాదారు పాసుపుస్తకం పంట రుణం కింద బ్యాంకులో ఉంది. అసలు కాగితం చూపకపోతే ఈసారీ కాదంటారేమోనని భయం. ఎనిమిది లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఖాతాలో వేయమని ఏజెంటు సలహా. కొడుకేమో ఒక రాత్రి, ‘మా పాపను ఎన్నాళ్లు ఎత్తుకున్నావు, అక్క బిడ్డ కోసం ఆరు నెలలు వెళ్తానంటున్నావు’ అన్నాడట. ఇదివరకే వీసా ఉన్న వియ్యపురాలు, ‘మీకు రాకపోతే నేను వెళ్తాలెండి’ అన్నారట. ‘తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. అది ఎలాగూ జరగలేదు. కనీసం పక్కనైనా ఉండలేకపోతే నేనేం తల్లిని?’ అని చివరి పేజీలో ఉంది. అడిగిన ప్రశ్న మాత్రం మొదటి పేజీలోనే ఉంది: ‘ఈసారి ఏమేం కాగితాలు పట్టుకెళ్లాలి?’

అమ్మా,

కాగితాల సంగతి తప్పకుండా చెబుతాను. దానికి ముందు, మీ చేతికి వచ్చిన ఆ కాగితం గురించి రెండు మాటలు. దాన్ని బీరువాలో చీరల కింద దాచి, ఎవరికీ చూపలేదని రాశారు. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. అమెరికా వలస చట్టం 1952 నాటిది. అందులోని 214-బి అనే సెక్షన్ ప్రకారం, చూసి వస్తామని వీసా అడిగే ప్రతివారూ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నారనే మొదట అనుకోవాలి. అలా కాదని అధికారికి నమ్మకం కలిగించవలసిన బాధ్యత అడిగేవారిది. ఆ రోజు ఆ నమ్మకం కుదరలేదు. కాగితం అర్థం అంతే. అది మీ మీద పడిన నేరం కాదు, జీవితాంతం వెంటాడే మచ్చా కాదు. దానిపై అప్పీలు ఉండదు. కానీ మళ్లీ దరఖాస్తు చేయడానికి ఇన్ని నెలలు ఆగాలన్న నియమమూ లేదు. కొత్త ఫారం, కొత్త రుసుము, కొత్త ఇంటర్వ్యూ. ఫలానా కాగితం తక్కువైంది, పంపండి అని చెప్పదలచుకుంటే 221-జి అనే వేరే సెక్షన్ కింద కాగితం ఇస్తారు. మీకు ఇచ్చింది అది కాదు. అంటే మీ ఫైలులో ఏదో లోపించి వీసా ఆగలేదు. పాసుపుస్తకం లేకపోవడం వల్ల ఆగిందని మీరు అనుకోవద్దు.

మరి ఎందుకు ఆగింది? ఆ అధికారి మనసులో ఏముందో నేను చెప్పలేను. కానీ మీ ఉత్తరం చదువుతుంటే ఆ కిటికీకి అవతలి నుంచి మీరెలా కనిపించారో నాకు తెలిసింది. ఆయన ముందు తెర మీద మీ ఫారం ఉంది. అందులో ఆరు నెలలు, మీ నోట రెండు వారాలు. అందులో వ్యాపారం, మీ నోట వ్యవసాయం. ఎప్పుడూ విమానం ఎక్కని, జలపాతం మీద ప్రత్యేకమైన ఆశ ఏదీ లేని ఒక రైతు తల్లి, కూతురు డల్లాస్‌లో ఉండగా, దేశానికి ఆ చివర ఉన్న నయాగరా పేరు చెబుతున్నారు. అదీ తనది కాని భాషలో, ఒప్పజెప్పినట్టు. నేనైనా నమ్మకపోయేదాన్ని. మీరు అబద్ధాలాడే మనిషి కాదని ఆరు పేజీలూ చెబుతున్నాయి. కానీ ఆ మూడు నిమిషాల్లో మీరు మీలా లేరు.

అందుకని ఈసారి అన్నిటికంటే ముందు చేయవలసిన పని ఫారం దగ్గర ఉంది. డీఎస్-160 అంటారు దాన్ని. పోయినసారి మీరు దాన్ని చదవలేదు. దాని కింద సంతకం లాంటిది మీ పేరుతోనే పడింది, అందులోని ప్రతి మాటకూ జవాబుదారీ మీరే. కొత్త ఫారం మీ అమ్మాయి నింపాలి. పంపే ముందు ఒక ఆదివారం వీడియో కాల్‌లో మొదటి గడి నుంచి చివరి గడి దాకా తెలుగులో చదివి వినిపించమనండి. ‘దీనికి ఏం రాశావు, ఎందుకు రాశావు’ అని మీరు అడగండి. గంటన్నర పట్టినా పట్టనివ్వండి. వృత్తి వ్యవసాయం. జాకెట్లు కుట్టి సంపాదించేది ఉంటే అదీ చెప్పండి. ఇంతకుముందు వీసా కాదన్నారా అన్న ప్రశ్న ఉంటుంది. అక్కడ అవునని రాయాలి. దాచినా వాళ్ల దగ్గర ఆ వివరం ఉంటుంది, దాచడం మాత్రం కొత్త తప్పవుతుంది. పోయినసారి వ్యాపారమని ఎందుకు రాశారని అడిగితే, జరిగింది జరిగినట్టు చెప్పండి: ‘ఫారం వేరేవాళ్లు నింపారు. నేను దాన్ని చదవలేదు. తప్పు జరిగింది. ఇప్పుడు రాసింది నిజం.’ ఈ మాట మీద మీకు ఇంకా దిగులుంటే, ఒకసారి అక్కడి ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడమని అమ్మాయికి చెప్పండి. పాత ఫారంలోని తప్పును ఎంత వివరంగా చెప్పాలన్నది ఆ లాయరు ఫారం చూసి చెప్పగలరు.

పేరు విషయం కూడా ఉంది. మీ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉందని, ఏజెంటు మాత్రం ఫారంలో మీ ఆయన ఇంటిపేరు చేర్చాడని రాశారు. అలా చేయకూడదు. పాస్‌పోర్టులో ఏది ఎలా ఉందో ఫారంలో అదే ఉండాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారు, ఉన్న పేరు మొత్తాన్ని ఇంటిపేరు గడిలో రాసి, అసలు పేరు గడిలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని మూడు అక్షరాలు రాస్తారు. ఆ పేరు తెలియదని దాని అర్థం. మన తెలుగువాళ్ల వీసాల మీద ఇది తరచుగా కనిపించేదే, కంగారు పడవద్దు. ఇంటిపేరు చేర్చి పాస్‌పోర్టు మళ్లీ తీసుకోవచ్చు కానీ దానికి సమయం పడుతుంది. అయిదో నెల నడుస్తుండగా ఆ పని పెట్టుకోవద్దనే నా అభిప్రాయం.

ఇక కాన్పు మాట. అది దాచవలసిన విషయమని ఏజెంటు ఎందుకు అనుకున్నాడో నాకు అర్థం కావడం లేదు. కూతురి దగ్గరికి, పుట్టబోయే బిడ్డను చూడటానికి వెళ్లడం సందర్శకుల వీసా కిందికి వచ్చే పనే. ఆ వీసా మీద జీతానికి పనిచేయకూడదు. అమ్మ పథ్యం వండి పెట్టడం, బిడ్డకు నీళ్లు పోయడం జీతం పని కాదు కదా. అందుచేత ఎందుకు వెళ్తున్నారని అడిగితే నయాగరా జోలికి పోవద్దు. ‘మా అమ్మాయికి డిసెంబరులో కాన్పు, తొలి చూలు, తోడుగా ఉండి వస్తాను’ అనండి. తెలుగులో అనండి. హైదరాబాదు కాన్సులేటులో తెలుగులో మాట్లాడే వెసులుబాటు ఉంది. మొదటి పలకరింపుకే ‘నేను తెలుగులో మాట్లాడతాను’ అని చెప్పేయండి. ఎవరూ తక్కువగా చూడరు. ఈ జవాబును కూడా కంఠతా పట్టవద్దు. పొరుగింటామె అడిగితే ఎలా చెబుతారో అలా చెబితే చాలు. అడిగినదానికి సమాధానం చెప్పి ఆగండి. మనకు మొదటి నుంచీ చెప్పుకొచ్చే అలవాటు ఉంటుంది, అక్కడ అంత వ్యవధి ఉండదు.

‘ఎన్నాళ్లు’ అన్న ప్రశ్న దగ్గర కాసేపు ఆగుదాం. మీ ఇంటి చిక్కు, వీసా చిక్కు రెండూ అక్కడే ముడిపడి ఉన్నాయి.

ఆరు నెలలన్న లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో మీరు రాయలేదు. ఊహించగలను. మన దగ్గర 2017 నుంచి మొదటి ఇద్దరు బిడ్డల కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు చట్టంలో ఉంది. అక్కడ దేశమంతటికీ వర్తించే చట్టం 1993 నాటిది. అది అర్హత ఉన్న ఉద్యోగులకు 12 వారాల సెలవు మాత్రమే ఇస్తుంది, దానికి జీతం ఇవ్వాలన్న నిబంధన అందులో లేదు. మూడు నెలలకే పసిబిడ్డను వదిలి ఉద్యోగానికి వెళ్లాలంటే ఏ తల్లికైనా కాళ్లు ఆడవు. అమ్మ ఆరు నెలలుంటే బాగుండునని మీ అమ్మాయి అనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఇటు చూడండి. ఇంతవరకు దేశం దాటని మనిషి, భర్తకు మోకాళ్ల నొప్పులు, పొలం ఉంది, మొదటిసారే ఆరు నెలలంటే, ‘ఈమె వచ్చేది కూతురిని చూడటానికా, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తే బిడ్డను చూసుకునే మనిషిగానా?’ అన్న అనుమానం అధికారికి రావచ్చు. నిజం చెప్పాలంటే మీ అబ్బాయికి వచ్చిన అనుమానమూ అదే. కాకపోతే అతను దాన్ని కోపంగా అడిగాడు.

అతని మాట మీకు ముల్లులా గుచ్చుకుంది. నాకు దానిలో అసూయ కంటే అలసట ఎక్కువ వినిపించింది. రెండేళ్ల పాపతో, ఇద్దరూ ఉద్యోగాలతో, కర్నూలులో అద్దె ఇంట్లో ఆ పిల్లలు ఎలా నెట్టుకొస్తున్నారో మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. కోడలి కాన్పు ఆమె పుట్టింట్లో జరిగిందని, ఇరవై రోజులకు ఒకసారి వెళ్లి చూసి వచ్చేదాన్నని రాశారు. ఆచారం ప్రకారం మీరు చేసింది సరైనదే. అయినా అతనికి అడగాలనిపించింది. దానికి మీరు సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. వెళ్లే ముందు ఒక పదిరోజులు కర్నూలు వెళ్లి ఆ పాప దగ్గర ఉండి రండి. ఇది వీసా కోసం చెప్పే సలహా కాదు.

మీ ఉత్తరంలోని తేదీలనే ముందు పెట్టుకుని చూశాను. ఉల్లి పెరికి అమ్ముకునేసరికి అక్టోబరు దాటుతుంది. కాన్పు డిసెంబరులో. నవంబరు నెలాఖరున బయలుదేరి ఫిబ్రవరి నెలాఖరుకు వస్తే కాన్పుకు ముందు మూడు వారాలు, తరువాత రెండు నెలలకు పైగా అమ్మాయి దగ్గర ఉన్నట్టు. ఉగాదికి మీ ఇంట్లో మీరుంటారు. అక్కడి నుంచి వియ్యపురాలు అందుకోవచ్చు, ఆమెకు వీసా ఉండనే ఉంది. అప్పుడు ‘ఎన్నాళ్లు’ అంటే ‘మూడు నెలలు, ఉగాదికి ముందే వచ్చేస్తాను, ఇంట్లో ఆయన ఒక్కడే ఉన్నాడు’ అని మీ నోట రాగల మాట అది. నేర్పవలసిన పని ఉండదు. అయితే ఒక షరతు: మూడు నెలలని చెప్పి, లోలోపల ఆరు నెలలు ఉండిపోదామని అనుకోకండి. విమానాశ్రయంలో దిగాక ఎన్నాళ్లు ఉండవచ్చో అక్కడి అధికారి నిర్ణయిస్తారు. మామూలుగా ఆరు నెలల దాకా ఇస్తారు. అది వాళ్లిచ్చే గడువు. మీరు చెప్పిన మాట వేరు. ఒకవేళ మీ కుటుంబమంతా కూర్చుని ఆరు నెలలే కావాలని నిర్ణయించుకుంటే, ఫారంలో అదే రాయండి, కిటికీ దగ్గరా అదే చెప్పండి. వీసా దొరికే అవకాశం తగ్గవచ్చు. కానీ రాసినదీ చెప్పినదీ ఒకటవుతాయి.

వియ్యపురాలి మాట మీకు దెప్పుడులా తోచింది. నాకు అలా అనిపించలేదు. ఆమెకూ అది మనవడో మనవరాలో. తొలి కాన్పు పుట్టింటివారి బాధ్యత అన్న మాట, బిడ్డ బండి కట్టించుకుని పుట్టింటికి రాగలిగిన రోజుల్లో పుట్టింది. మా పెద్దమ్మాయి కాన్పుకు నేనూ దూరదేశం వెళ్లాను. వెళ్లేసరికి బిడ్డ పుట్టి పదకొండు రోజులైంది. ఆ పదకొండు రోజులూ వియ్యపురాలే చూసుకున్నారు. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే మా అమ్మాయి నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆలస్యమైందని ఒక్క మాటా అనలేదు. మీరు వెళ్లగలిగితే సంతోషం. వెళ్లలేకపోయినా మీ తల్లితనానికి లోటు రాదు, ఈ మాట నేను ఓదార్పుకు అనడం లేదు.

ఆ ఎనిమిది లక్షల మాట వదిలేయండి. రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు పదహారు వేలు. ఉల్లి ధర ఎలా ఉంటుందో తెలియని ఏడాదిలో నెలకు పదహారు వేలు వడ్డీ కట్టి మీరు కొనేది ఏమీ లేదు. ఎప్పుడూ వేలల్లో ఉండే ఖాతాలోకి ఇంటర్వ్యూకు ముందు ఒక్కసారి ఎనిమిది లక్షలు వచ్చి పడితే స్టేట్‌మెంట్ చదివే ఎవరికైనా తెలుస్తుంది. ఇది ఎక్కడిదని అడిగితే ఏం చెబుతారు? అప్పని చెబితే చూపిన ప్రయోజనం లేదు, మాదే అంటే అబద్ధం. టికెట్టు, ఖర్చులు అమ్మాయి, అల్లుడు పెట్టుకుంటున్నారు. అదే చెప్పండి. పిల్లలు తల్లిదండ్రుల ఖర్చు పెట్టుకోవడంలో ఆక్షేపించవలసినది ఏమీ లేదు. పొలం విలువను రెట్టింపు చేసి రాయించిన సర్టిఫికెట్ ఒకటి కూడా ఇప్పిస్తానన్నాడట ఏజెంటు. దానికి అసలు ఒప్పుకోకండి. ఆ 1952 చట్టంలోనే ఇంకొక నిబంధన ఉంది. తప్పుడు వివరాలతో, తప్పుడు కాగితాలతో వీసా పొందాలని చూసినట్టు తేలితే ఆ దేశంలో అడుగు పెట్టకుండా శాశ్వతంగా ఆపవచ్చు. ఇప్పుడు మీకు వచ్చిన కాగితం దాటగలిగినది. అది దాటడం చాలా కష్టం.

కాగితాలకు వస్తాను. తప్పనిసరిగా ఉండవలసినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. పాస్‌పోర్టు, పాతది ఉంటే అదీ. ఫారం పంపాక వచ్చే బార్‌కోడు ఉన్న పేజీ, అది కొత్త ఫారానిదే అయి ఉండాలి. ఇంటర్వ్యూ తేదీ చూపే అపాయింట్‌మెంట్ పత్రం. ఆరు నెలల లోపు తీయించుకున్న ఫొటో, రెండంగుళాల చదరం, వెనక తెలుపు, కళ్లద్దాలు లేకుండా. పాస్‌పోర్టు గడువు మీరు అక్కడ ఉండే కాలం దాటి మరో ఆరు నెలలు ఉందో లేదో ఈరోజే చూసుకోండి.

మిగిలినవన్నీ అడిగితే చూపడానికి. అధికారికి చూడాలనిపిస్తే చూస్తారు, లేకపోతే లేదు. మీ విషయంలో నేనైతే వీటిని పెట్టుకుంటాను: కాన్పు తేదీ రాసి ఉన్న అమ్మాయి డాక్టరు ఉత్తరం. అమ్మాయి పాస్‌పోర్టు, వీసా నకళ్లు. అమ్మాయి పాస్‌పోర్టు చివరి పేజీలో తల్లి పేరు ఉంటుంది, మీ బంధుత్వానికి అంతకంటే సులువైన రుజువు లేదు. అక్కడ మీ పేరు ఇంగ్లీషు స్పెల్లింగులో తేడా ఉంటే భయపడకండి, ఎందుకు తేడా వచ్చిందో తెలుసుకుని ఉండండి. అమ్మాయి ఉద్యోగ పత్రం, రెండు మూడు నెలల జీతం చీటీలు. మీ బ్యాంకు ఖాతా ఆరు నెలల లావాదేవీలు, ఉన్నవి ఉన్నట్టు. ఆహ్వాన పత్రం, నోటరీ చేయించిన హామీ పత్రం అంటూ ఏజెంటు రెండు వేలు అడిగాడని రాశారు. సందర్శకుల వీసాకు అవి అవసరం లేదని అమెరికా విదేశాంగ శాఖే చెబుతోంది.

పాసుపుస్తకం కోసం మీ ఆయనను బ్యాంకు చుట్టూ తిప్పవద్దు. పొలం మీదేనని చూపడానికి భూరికార్డుల ప్రభుత్వ వెబ్‌సైటు మీభూమి నుంచి వన్-బీ (పొలం ఎవరిదో చూపే పత్రం) నకలు, అడంగల్ (సాగు వివరాల పత్రం) తీసుకుంటే సరిపోతుంది, మీసేవలోనో సచివాలయంలోనో అడగండి. పుస్తకం ఏదని అడిగితే ‘పంట రుణం కింద బ్యాంకులో ఉంది’ అనండి. రుణం తీసుకోవడం తక్కువతనం అనుకుంటున్నారు మీరు. నాకు అది మరోలా కనిపిస్తోంది. ఈ ఏడు పంట వేసినవాళ్లు, వచ్చే ఏడూ వేయబోయేవాళ్లు తీసుకునే రుణం అది. కావాలంటే ఆ రుణ ఖాతా కాగితం నకలు కూడా పెట్టుకోండి. ఇవన్నీ కలిపినా పాతిక కాగితాలు దాటవు. ఏది ఎక్కడ ఉందో కళ్లు మూసుకుని తీయగలిగేలా మీ చేతులతోనే సర్దుకోండి.

ఇక మీ ముందున్న దారులు. ఇప్పుడే దరఖాస్తు చేయడం ఒకటి. రుసుము 2023 జూన్ నుంచి 185 డాలర్లు, కట్టే ముందు తాజా మొత్తం చూసుకోండి. వీసా రాకపోతే అది తిరిగి ఇవ్వరు. కట్టే ముందే ఇంటర్వ్యూ తేదీలు ఎంత దూరంలో ఉన్నాయో అమ్మాయి ఆరా తీయాలి. తేదీ కాన్పు దాటిపోతే తొందరపడి ప్రయోజనం లేదు. తేదీ త్వరగా ఇప్పిస్తామని డబ్బు అడిగేవారికి మీ ఖాతా పాస్‌వర్డు ఇవ్వకండి. బాట్ల (మనిషి బదులు తమంతట తామే తేదీలు పట్టే కంప్యూటరు ప్రోగ్రాముల) సాయంతో తీసుకున్న దాదాపు 2000 అపాయింట్‌మెంట్లను భారతదేశంలోని అమెరికా ఎంబసీ 2025 మార్చిలో రద్దు చేసింది. ఈసారీ కాదంటే ఏమవుతుంది? రెండో కాగితం వస్తుంది, డబ్బు పోతుంది, మనసు కష్టపడుతుంది. తరువాత మళ్లీ అడగడానికి అడ్డు ఉండదు. కానీ పరిస్థితిలో మార్పేమీ లేకుండా మూడోసారి వెంటనే వెళ్లడం నేను చెప్పను.

రెండో దారి, కాన్పుకు వియ్యపురాలిని వెళ్లనిచ్చి, మీరు బిడ్డకు ఆరేడు నెలలు వచ్చాక నెమ్మదిగా దరఖాస్తు చేయడం. తొందర ఉండదు, మీ ఆయన మోకాళ్లు కుదుటపడితే ఇద్దరూ కలిసి అడగవచ్చు. పోగొట్టుకునేది ఆ తొలి రోజులు. అవి మళ్లీ రావు, ఆ సంగతి నాకు తెలుసు. మూడోది, బిడ్డను తీసుకుని అమ్మాయే రావడం. దానికి బిడ్డ పాస్‌పోర్టు, ప్రయాణ పత్రాలు కావాలి. అంతకంటే ముఖ్యం, తిరిగి వెళ్లేటప్పుడు అమ్మాయి తన వీసా కోసం ఇక్కడ ఆగవలసి వస్తుందేమో చూసుకోవాలి. ‘అమ్మకు రాకపోతే నేనే వస్తాను’ అని ఆవేశంలో అన్నదట. ఉద్యోగానికి చిక్కు రాదని తేల్చుకున్నాకే టికెట్టు కొనమనండి. నిండు నెలల్లో ప్రయాణం మాత్రం వద్దనండి. నన్నడిగితే, తేదీ అక్టోబరు లోపల దొరికితే మొదటి దారి, లేకపోతే రెండోది. నిర్ణయం మీరు నలుగురూ కూర్చుని చేయండి, మీ అబ్బాయిని కూడా కూర్చోబెట్టండి.

తేదీ కుదిరితే వేలిముద్రల సంగతి గుర్తుంచుకోండి. వేలిముద్రలు, ఫొటో తీసుకునే కేంద్రం వేరు, కాన్సులేటు వేరు, రెండు అపాయింట్‌మెంట్లు ఉంటాయి. పది వేళ్లూ పెట్టాలి. రేషను మిషన్ మీ వేలిముద్ర ఒక్కోసారి పట్టదని వేరే సందర్భంలో రాశారు. కలుపు తీసే చేతులకు అది మామూలే. వారం రోజుల ముందు నుంచి రాత్రిళ్లు కొబ్బరినూనె రాసుకోండి, ఆ రోజు చేతులు కడిగి ఆరబెట్టుకుని వెళ్లండి. పట్టకపోతే మళ్లీ ప్రయత్నిస్తారు.

కర్నూలు నుంచి హైదరాబాదు 200 కిలోమీటర్ల పైచిలుకు. పోయినసారి అర్ధరాత్రి బస్సెక్కి తెల్లారి నేరుగా నానక్‌రామ్‌గూడ వెళ్లి నిలబడ్డారు. ఈసారి ముందురోజే చేరి రాత్రి నిద్రపోండి. (ఇది చదివే మిగతావారికి: ఊళ్లో ఎవరైనా బేగంపేట అని చెబితే అది పాత చిరునామా. 2023 మార్చిలో కాన్సులేటు నానక్‌రామ్‌గూడకు మారింది.) ఏజెంటు కుర్రవాడు కాదు, మీ ఆయన తోడు రావాలి. లోపలికి మిమ్మల్ని ఒక్కరినే పంపుతారు. ఫోను, చేతిసంచి, స్మార్ట్ వాచీ, తినుబండారాలు, అంటించిన కవర్లు ఏవీ లోపలికి రానివ్వరు. పాస్‌పోర్టు, కాగితాలు పారదర్శకంగా కనిపించే ఫోల్డరులో పెట్టుకుంటే చాలు. ఫోను ఆయన దగ్గరే ఉంటుంది కాబట్టి, ఆయన నంబరు పెద్ద అంకెలతో ఒక చీటీ మీద రాసి ఆ ఫోల్డరులోనే పెట్టుకోండి. బయటికి వచ్చాక ఎక్కడ కలుసుకోవాలో, లోపలికి వెళ్లే ముందే ఒక చోటు చూసి ఇద్దరూ అనుకోండి. పోయినసారి ఆ కాగితం చేత్తో పట్టుకుని గంటసేపు రోడ్డు మీద ఒంటరిగా తిరిగానని రాశారు. ఈసారి ఏ కాగితం వచ్చినా, బయట అడుగు పెట్టగానే మీ మనిషి ఎదురుగా ఉండాలి.